గోనెపట్టల వెనక ప్యాటియో

మనిషిని అన్నానికి పిలిచి నిరాహార దీక్షకు కూర్చోబెట్టిన ఘనత మా జనగామలో ఎవరికైనా ఉందంటే అది నాకే. ఆ మనిషి దారిన పోయేవాడు కూడా కాదు, మా అత్తమ్మకు సొంత తమ్ముడు. అక్క చేతి సర్వపిండి తినాలని పొద్దుటి నుంచి కడుపు ఖాళీగా పెట్టుకుని భూపాలపల్లి నుంచి వచ్చినవాడు. ఆ ఘోరం ఎట్లా జరిగిందో దాచకుండా చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం పట్టింపు లేదు. తర్వాత అసలు సంగతి తెలిసి ఊరంతా నవ్వింది.

తెలంగాణ ఉద్యమం ఊరూరా ఉడుకుతున్న రోజులవి. నాకు పెళ్ళయి ఏడాది. పుట్టిల్లు గార్ల, మెట్టినిల్లు జనగామలో బట్టల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, పక్కన వీధి వైపు కొంచెం ఖాళీ జాగా. పెళ్ళికి ముందు హన్మకొండలో ఇంటి అలంకరణ కోర్సు మూడు నెలలు చేశాను. మూడు నెలల్లో ఎంత విద్య వస్తుందో తెలియదు గాని, పొగరు మాత్రం మూడేళ్ళకు సరిపడా వస్తుంది. మా దుకాణాన్ని ఆనుకుని ఒక మడిగె, అంటే చిన్న దుకాణపు గది, ఖాళీగా ఉండేది. అందులో నా సొంత దుకాణం పెట్టుకుని, బయట నా బోర్డు చూసుకోవాలని ప్రాణం కొట్టుకునేది.

మామయ్య కాదనలేదు, అవుననలేదు. ఒక పరీక్ష పెట్టాడు.

"భూపాలపల్లిల మా బామ్మర్ది కొత్తిల్లు గట్టిండు. ఈ ఆదివారం గాదు, వచ్చే ఆదివారం వస్తున్నడు. ముందుగాల మనింటి పక్కపొంటి జాగల నీ పనితనం సూపియ్యి. ఆయనకు నచ్చి, నా ఇంటికి గూడ చెయ్యి బిడ్డా అంటె మడిగె తాళంచెవి నీదే. లేదంటె జాకెట్టు ముక్కల కాడ కూసుందువు."

జాకెట్టు ముక్కల దగ్గర కూర్చోవడమంటే ఏమిటో మీకు తెలియదు. ఒక్క చీరకు పద్దెనిమిది ముక్కలు పట్టి చూసి, చివరికి వదినను తీసుకొస్తానని వెళ్ళిపోతారు. ఆ బతుకు నాకొద్దనుకున్నాను.

మా కోర్సులో ఒక మేడం బొహీమియన్ ప్యాటియో అని బొమ్మ చూపించింది. ఇంటి బయట, ఆకాశం కింద కూర్చునే చోటు. వెదురు బొంగులు, పైన రంగురంగుల గుడ్డలు, కింద చాపలు, దిండ్లు, వేలాడే దీపాలు, మట్టి కుండల్లో మొక్కలు. ఒకదానికొకటి పొంతన లేకపోవడమే దాని అందమట. పొంతన లేని సరుకు మా దుకాణంలో బోలెడంత ఉంది. నాలుగేళ్ళుగా అమ్ముడుపోని గుడ్డలన్నీ లాగి, అతికి కుట్టడం మొదలుపెట్టాను.

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. చెడగొట్టింది నా అనుమానం. ఎదురుగా టెంట్‌హౌస్ రాజేశం ఉండేవాడు. నేను పందిరి గుంజ పాతడం ఆలస్యం, అతను గడప మీదికొచ్చి పళ్ళు తోముకోవడం మొదలుపెట్టాడు. ఒక మనిషి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పళ్ళు తోముతాడా? నా డిజైను కొట్టేస్తున్నాడని నిశ్చయించుకుని, జాగా చుట్టూ మనిషెత్తు గోనెపట్టలు కట్టేశాను. ఆదివారం దాకా లోపలికి ఎవరూ తొంగి చూడకూడదన్నాను. ఇంట్లోవాళ్ళైనా సరే అన్నాను.

అనుమానం పెనుభూతమంటారు. మా అత్తమ్మ దగ్గర అది పెంపుడు భూతం. వేళకు తిండి పెట్టి సాకింది. పాలలో నీళ్ళే కాదు, నీళ్ళలో కూడా ఏదో కలిసిందని అనుమానించే మనిషి. అట్లాంటి మనిషి ఇంట్లో నేను గోనెపట్టలు కట్టాను. రోజుకు పదిసార్లు ఆ పట్టల దగ్గరికొచ్చి దగ్గేది. లోపలేముందని ఒక్కసారీ అడగలేదు. దగ్గడమే.

వెదురు పనికి ఎల్లయ్య వచ్చాడు. రెండో రోజు బొంగు చీలుస్తూ, ఏం గడ్తున్నమమ్మా అని అడిగాడు. అటూ ఇటూ చూసి మెల్లగా చెప్పాను.

"ప్యాటియో."

"పార్టీయా?"

"ష్. ఆదివారం దాక ఎవ్వలికీ చెప్పకు."

ఎల్లయ్య మాట మీద నిలబడే మనిషి. ఎవ్వరికీ చెప్పొద్దని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాడు. గోడలకు చెవులుంటాయంటారు గాని, మా వీధిలో గోనెపట్టలకు కూడా ఉన్నాయని అప్పుడే తెలిసింది. మూడో రోజుకల్లా బట్టల దుకాణం కోడలు కొత్త పార్టీ పెడుతోందని బజారంతా పాకింది. ఆ రోజుల్లో కొత్త పార్టీ అంటే మాటలు కాదు. ఎవరు పెట్టిస్తున్నారు, ఉద్యమానికి అటా ఇటా అని ఆరా తీస్తారు. నాకు ఇవేమీ తెలియవు. జనం పట్టల సందుల్లోంచి చూస్తుంటే, డిజైను కోసమే చూస్తున్నారని గోనెపట్టలు రెండు వరసలు చేశాను.

దానికి తోడు మా అన్నయ్యతో బయ్యారం నుంచి ఒక బస్తా ఎర్రమట్టి తెప్పించాను. కుండలకు పూద్దామని. బయ్యారం ఖనిజం ఎవరో తవ్వుకుపోతారని అప్పట్లో ఊరూరా గొడవ. ఆ మట్టి బస్తా మా ఇంటికి దిగడం చూసి, ఆ మట్టి పట్టుకునే ఆదివారం ప్రమాణం చేస్తారట అని ఇంకో మాట పుట్టింది.

నాలుగో రోజు నుంచి ఒక మీసాలాయన దుకాణానికి రావడం మొదలుపెట్టాడు. రోజుకో దస్తీ, అంటే చేతిరుమాలు, కొనేవాడు. కొంటూ పక్క జాగా వైపు మెడ సాచేవాడు. ఆరో రోజు అత్తమ్మ మామయ్యను లోపలికి పిలిచింది.

"గాయన రోజూ దస్తీ కొంటున్నడు. మనిషికి ఎన్ని ముక్కులుంటయి?"

మామయ్య అప్పటికే సగం చిక్కిపోయి ఉన్నాడు. ఆ మీసాలాయన మఫ్టీలో ఉన్న పోలీసని ఎవరో చెవిలో వేశారు. మామయ్యకు జీవితంలో ఒకటే సూత్రం: బట్టల దుకాణమాయనకు గజంకట్టె తప్ప ఇంకో కట్టె ఉండొద్దు, జెండా కట్టె అసలే వద్దు. అట్లాంటి మనిషి రాత్రి అన్నం ముందు నన్ను ఎగాదిగా చూసి, బిడ్డా, నువ్వు చేసేది ఇంటి పనే గదా అని అడిగాడు. ఆదివారం మీరే చూస్తారు మామయ్యా అని ముసిముసిగా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మా ఆయన సంగతి అడగకండి. తల్లి మాట్లాడితే తల్లిని చూస్తాడు, నేను మాట్లాడితే గడియారం చూస్తాడు.

ఆదివారం రానే వచ్చింది. ఆ రోజు రాస్తారోకో. చిన్నాయిన, అంటే అత్తమ్మ తమ్ముడు, బస్సు ఊరి బయటే ఆగిపోతే ఎండలో నడుచుకుంటూ వచ్చాడు. నిండైన విగ్రహం. చొక్కా తడిసి ముద్దయింది. అత్తమ్మ విస్తరి వేయబోయింది. సర్వపిండి వాసన వీధి దాకా పోతోంది. అప్పుడు నేను అడ్డం పడ్డాను.

"ముందుగాల జూసి తర్వాత తిను చిన్నాయినా. ఐదు నిమిషాలే."

ఆ ఐదు నిమిషాలు సాయంత్రం ఐదింటి దాకా సాగాయి.

పక్క తలుపులోంచి ఆయనను లోపలికి తీసుకెళ్ళి నడిమి దిండుకు ఆనించి కూర్చోబెట్టాను. ఆయన కాళ్ళు చాపి, అబ్బ, పాణం లేసొచ్చింది బిడ్డా అన్నాడు. ఇక మడిగె నాదే అనుకుని తాడు లాగాను. గోనెపట్టలు ఒక్కసారిగా కింద పడ్డాయి.

బయట సగం బజారు నిలబడి ఉంది. అందరికన్నా ముందు మా వీధి ఉద్యమ కమిటీ పెద్ద సదానందం సారు. బడి పంతులు, సమ్మెలో ఉన్నాడు. చౌరస్తా దీక్షా శిబిరానికి పోతూ, చేతిలో పూలదండలతో, అసలు ఈ పార్టీ ఏమిటో తేల్చుకుందామని ఆగాడట. దుకాణం మెట్టు మీద మీసాలాయన ఏడో దస్తీతో ఉన్నాడు. మామయ్య ముఖం తెల్లగా ఉతికి ఆరేసిన పంచెలా ఉంది.

"ఏందమ్మా గిది?" అన్నాడు సదానందం సారు.

"ప్యాటియో సార్."

"పార్టీ అనే ఇన్నం. పేరేంది?"

"బొహీమియన్."

జనంలో గుసగుస మొదలైంది. పేరు జూస్తె మనోళ్ళది గాదు అని వెనక నుంచి ఎవరో అన్నారు. సారు కళ్ళు చిన్నవయ్యాయి. అప్పుడు నేను వెనక్కి తిరిగి, వాళ్ళు చూస్తున్నదాన్ని మొదటిసారి వాళ్ళ కళ్ళతో చూశాను. వెదురు గుంజలు, పైన రంగుల గుడ్డ, కింద చాపలు, దిండ్లు, నడుమ ఒక పెద్దమనిషి. చౌరస్తా శిబిరానికీ దీనికీ ఫ్లెక్సీ ఒక్కటే తక్కువ.

ఇది పార్టీ కాదండీ, సాయంత్రం పూట కూర్చుని చాయ తాగడానికి చేశాను అని చెప్పాలి. నోరు రాలేదు. ఎదురుగా జీతాలు లేకుండా సమ్మె చేస్తున్నవాళ్ళున్నారు. నిన్న దీక్షలో కూర్చుని, ఇంకా గొంతు లేవనివాళ్ళున్నారు. నేనూ వాళ్ళతో రోడ్డు మీద వంటావార్పులో కూర్చున్నదాన్నే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గులో నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"దీక్ష కోసమే సార్. మా చిన్నాయిన కూసుంటున్నడు."

సదానందం సారు ముఖం విప్పారింది. భూపాలపల్లి నుంచి నడిచొచ్చి దీక్షకు కూర్చున్నాడని పక్కవాళ్ళకు చెప్పాడు. ఊరి బయట నుంచి నడిచిన మనిషి అట్లా ఒక్క మాటలో భూపాలపల్లి నుంచి నడిచేశాడు. అయిదు దండలు మెడలో పడ్డాయి. పందిట్లో అన్ని జెండాల రంగులూ ఉండడం చూసి, ఇది అఖిలపక్షమేనని ఎవరో తేల్చారు. చిన్నాయిన ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. నినాదమనుకుని అందరూ జై తెలంగాణ అన్నారు. ఆయనా అన్నాడు. అన్నాక ఇక లేవడానికి లేదు.

డప్పుల మోతలో నా వైపు వంగి మెల్లగా అడిగాడు.

"బిడ్డా, అన్నమెప్పుడు?"

"సాయంత్రం నిమ్మరసం ఇస్తరు చిన్నాయినా."

ఆయన నన్ను చూసిన చూపు నేను కాటికి పోయేదాకా మరిచిపోను.

మధ్యాహ్నానికి అత్తమ్మ మనసాగక, చీరల డబ్బాలో నాలుగు సర్వపిండ్లు పెట్టి పైన జాకెట్టు ముక్క కప్పి పంపింది. మెట్టు మీదున్న మీసాలాయనకు ఆ డబ్బా మీద అనుమానం వచ్చింది. తెరిచి చూశాడు. ఆధారాలన్నీ అక్కడే నిలబడి తినేసి, ఏమీ లేదు, పోనీయండి అన్నాడు. ఆ తర్వాత ఆయన మళ్ళీ దస్తీలకు రాలేదు.

సాయంత్రం నిమ్మరసం తాగించి, జనం వెళ్ళిపోయాక, చిన్నాయిన విస్తరి ముందు కూర్చుని అరగంట తలెత్తలేదు. అత్తమ్మ వడ్డిస్తూనే నా వైపు తిరిగింది. పది రోజుల దగ్గు తర్వాత మొదటిసారి నోరు తెరిచి అడిగింది.

"ఇప్పుడన్న జెప్పు. ప్యాటియో అంటె ఏంది?"

"ఇంటి బయట ఉంటది అత్తమ్మా. సాయంత్రం పూట కూసొని, వచ్చినోళ్ళతోని మాట్లాడుకుంట చాయ తాగే జాగ."

అత్తమ్మ గరిటె కింద పెట్టింది.

"అరుగా?"

నేను ఆలోచించాను. ఎటు తిప్పి ఆలోచించినా అరుగే.

"అవునత్తమ్మా."

"గా ముక్క పది రోజుల కిందట జెప్తె నోటి ముత్యాలు రాలునా? అరుగు ఏసుకుంటున్నదంటె పోలీసోడు ఎందుకొస్తడు?"

చిన్నాయిన చెయ్యి కడుక్కుని తీర్పు చెప్పాడు. కూర్చోవడానికి మస్తుగా ఉందన్నాడు, పొద్దంతా కూర్చున్నా నడుము నొయ్యలేదన్నాడు. కాని అట్లాంటిది ఇంటి ముందు ఉంటే చూసినప్పుడల్లా తనకు ఆకలేస్తుందని, అందుకని వద్దని దండం పెట్టాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఒకే రోజు ఇంట ఓడి రచ్చకెక్కాను. లోపలికి పోయి, మడిగె పోయినందుకు దిండులో ముఖం పెట్టి ఏడ్చాను.

మర్నాడు పొద్దున సదానందం సారు వచ్చాడు. చౌరస్తా శిబిరంలో కూర్చున్నవాళ్ళకు నడుములు పడిపోతున్నాయని, మీ చిన్నాయిన పొద్దంతా కూర్చుని కూడా నిటారుగా లేచాడని అన్నాడు.

"గసొంటి పందిరి, గసొంటి మెత్తలు మాకు గూడ ఏసిస్తవా అమ్మా?"

ఆ వారంలోనే మహబూబాబాద్ నుంచి ఇంకో కమిటీ వాళ్ళు వచ్చారు. ఆ తర్వాత ఇంకో జెండా వాళ్ళు. మామయ్య గజంకట్టె బుగ్గకు ఆనించుకుని చాలాసేపు ఆలోచించాడు. అన్ని పార్టీలకూ పందిరి వేసేవాళ్ళది ఏ పార్టీ కాదని ఆయనకు తట్టింది. లేచొచ్చి మడిగె తాళంచెవి నా చేతిలో పెట్టాడు. టెంట్‌హౌస్ రాజేశం మాత్రం ఇప్పుడు తన గిరాకీ నేనే కొట్టేస్తున్నానన్న అనుమానంతో గడప మీద పళ్ళు తోముకోవడం మానేశాడు. బోర్డు మీద ఏం రాయాలో అత్తమ్మే చెప్పింది: అరుగు. రాష్ట్రం వచ్చింది, శిబిరాలు లేచిపోయాయి, ఆ బోర్డు ఇంకా ఉంది.

కాబట్టి పాఠకులారా, బయ్యారం ఎర్రమట్టి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. జనగామ పొలిమేరల్లో ఆ పాడు ఇంగ్లీషు మాట మళ్ళీ ఎత్తను. ఆకలితో వచ్చిన మనిషికి అన్నం పెట్టకముందు ఏ అందమూ చూపించను. అన్నిటికన్నా ముఖ్యంగా, అత్తమ్మకు చెప్పకుండా చాటున ఏ పనీ చేయను, ఈ జన్మలో.

ఇదంతా తలుపు దగ్గరికి వేసుకుని రాస్తున్నాను. బయట ఇప్పటికి రెండుసార్లు దగ్గు వినిపించింది.