కొత్త రోడ్డు దాటిన అవ్వ

గిద్దలూరు బస్టాండు ముందు నన్ను ఆటో గుద్దింది. జనాన్ని ఎక్కించుకుని అప్పుడే కదులుతోంది. డ్రైవరు వెనక్కి తిరిగి ఎవరితోనో మాట్లాడుతూ నన్ను చూడలేదు. కూరగాయల సంచితో సహా పక్కకు పడ్డాను. మోచేతి ఎముక చిట్లింది. ఆ డ్రైవరే లేపి ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

ఆడవాళ్ల వార్డులో నా పక్క మంచం మీద ఒక అవ్వ ఉంది. కొండ కింది పల్లెలో మేకలు కాసుకునే మనిషి. కూతురింటికి వచ్చి, పొద్దుగూకే వేళ, కొత్తగా వెడల్పు చేసిన రోడ్డు దాటుతుంటే మోటారు సైకిల్ గుద్దిందట. తుంటి విరిగితే రాడ్డు వేశారు.

"నిన్నేం గుద్దింది తల్లీ?" అని అడిగింది.

"ఆటో, అవ్వా."

"ఆటోనా! నన్ను గుద్దింది ఉత్త బండే గదా. మరి నాకే ఇంత దెబ్బ తగిలిందేంది?"

డాక్టరమ్మ వచ్చినప్పుడూ అదే అడిగింది.

"ఆ ఆటో అప్పుడే కదిలింది. నీ మీదికొచ్చిన బండి మంచి వేగంలో ఉంది. పైగా ఈ వయసులో ఎముకలు పెళుసుబారి ఉంటాయి," అని చెప్పిందామె.

నన్ను ఇంటికి పంపే రోజు ఆ మోటారు సైకిలతను వచ్చాడు. మణికట్టుకు కట్టు, రెండో చేతిలో బత్తాయిల సంచి. అవ్వ కొడుకు లేచి అతని చొక్కా పట్టుకున్నాడు.

"ఇడువురా వాణ్ణి," అంది అవ్వ. తర్వాత అతని వైపు తిరిగి, "అంత తొందరేంది నాయనా?" అని అడిగింది.

అతను తల వంచుకున్నాడు. "తొందరేం లేదవ్వా. రోడ్డు బాగుంది గదా, ఎంత స్పీడులో పోతున్నానో నాకే తెలియలా. రోడ్డుకు లైట్లు గూడా ఇంకా ఎయ్యలా. నువ్వు దగ్గరికొచ్చిందాక కనపడలా."

"నీకు బాగుంది రోడ్డు. అడ్డంగా దాటేటోళ్లకు బాగుండొద్దా?"

కొడుకు అతని చొక్కా వదిలేసి బయటికి వెళ్లిపోయాడు.

కొన్ని నెలలకు ఆమెను చూడటానికి ఆ పల్లెకు వెళ్లాను. వాకర్ పట్టుకుని గడపదాకా వచ్చింది. మేకల వెంట ఇప్పుడు కోడలు వెళుతోంది. కూతురి వీధివాళ్లు అడగగా అడగగా రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ వేశారని చెప్పాను.

"మంచిదే," అంది. "అయినా నేనింక కూతురింటికి రానులే తల్లీ. బిరబిరా నడవలేను. అంత ఎడల్పు రోడ్డు దాటేలోపల ఎవుడో ఒకడు రానే వస్తాడు."

కూతురే వచ్చి చూసి పోతోందట.