వంకకు వంక పెట్టినాడు

రాప్తాడు హైవే పక్కన జయరాం కొత్తగా హోటల్ కట్టాడు. చేతులు కడిగే చోట, గోడ నిండా అడవిలో పారే వంక బొమ్మ కావాలన్నాడు. మా అనంతపురంలో వంక అంటే వాగు. మిగతా తెలుగువాళ్లకు తప్పు, లేదా సాకు. మా వంకల్లో నీళ్లు పారి ఎన్నాళ్లయిందో తలుచుకుంటే వాళ్ల అర్థమే సరైనదేమో అనిపిస్తుంది.

పని దాదా ఖలందర్‌కు దొరికింది. బోర్డులు రాసి బతికిన మనిషి. ఫ్లెక్సీలు వచ్చాక తోటి పెయింటర్లంతా తలో దారి పట్టినా ఇతను కుంచె వదల్లేదు. ఇప్పుడు చూపు మసకబారుతోంది, ఇదే చివరి గోడ అని అతనికి తెలుసు. అందుకే జయరాం నమూనాగా ఇచ్చిన క్యాలెండర్ బొమ్మను పక్కన పెట్టి, సొంతూరు తనకల్లు దగ్గరి వంకను గీశాడు. పెళ్లయిన ఏడాది వాన పడి అది పారినప్పుడు, భార్య జమీలాబీతో గట్టున నిలబడి చూశాడు. ఏం గీస్తున్నాడో ఆమెకు చెప్పలేదు. చూడగానే ఆమే గుర్తుపట్టాలని ముసలాయన ముచ్చట.

గట్టున కానుగ చెట్లు. వాటి కింద ముక్కలు ముక్కలుగా పచ్చటి ఎండ. నీళ్లకు ఎర్రమట్టి రంగు.

జయరాం వచ్చి చూసి బిత్తరపోయాడు.

"ఏమన్నా ఇది? నీళ్లా, టీనా?"

"వంక వస్తే ఎర్రగా కాక ఎట్లొస్తాదప్పా?"

"నాకవన్నీ వద్దు. నీలంగా మార్చు. లేకుంటే రేపు ఫ్లెక్సీ తెచ్చి అంటిస్తా."

వంకకే వంక పెట్టే మనిషితో ఏం వాదిస్తాం? ఖలందర్ నీలం డబ్బా మూత తీశాడు. నీళ్లు మారితే చెట్లు నప్పలేదు, కానుగలు దేవదారులయ్యాయి. ఎండ ఎక్కువైందన్నాడు జయరాం, ఖలందర్ దాన్నీ చల్లార్చాడు. అంత నీటి పక్కనే 'నీళ్లు పొదుపుగా వాడండి' అని కూడా అతని చేతే రాయించాడు జయరాం. మురిసిపోయి భుజం తట్టాడు. ఖలందర్‌కు ఏడుపొచ్చింది.

హోటల్ తెరిచిన రోజు జమీలాబీ వచ్చింది. గోడ ముందు చాలాసేపు నిలబడింది.

"బాగుండాది. యా ఊరిదిది?"

"కాశ్మీరుది," అన్నాడు ఖలందర్, కుళాయి వైపు చూస్తూ.

"అదే అనుకుంటి. మనదైతే ఎర్రగుండేది గదా," అందామె.