పిన్నికి చెప్పిన క్షమాపణ

మా పిన్ని బట్టల ఫ్యాక్టరీలో ఎంబ్రాయిడరీ మిషను నడిపేది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి ఈ కథ మా వీధి మొత్తానికీ తెలుసు.

ఒకసారి ప్యాంట్ల వెనక జేబు మీద కుట్టమని ఒక బొమ్మ ఇచ్చారు. చూస్తే, మా జాతివాళ్ళు పసిపిల్లల్ని చుట్టే గుడ్డ మీద కుట్టుకునే పిట్ట! "మన పిట్ట ఊరేగబోతోందే!" అని పిన్ని ఇంటికొచ్చి ఒకటే మురిసిపోయింది. వెనక జేబంటే కూర్చునే చోటు కదా అన్న ఆలోచన ఆవిడకి రాలేదు. నాకూ రాలేదు.

ప్యాంట్లు కొట్లకెక్కాక గొడవ మొదలైంది. మా జాతివాళ్ళే, మేమెన్నడూ చూడనివాళ్ళు, "మా పవిత్రమైన గుర్తు మీద కూర్చుంటారా?" అని కంపెనీని దుమ్మెత్తిపోశారు. ఫ్యాక్టరీలో మా జాతి మనిషి పిన్ని ఒక్కతే. దాంతో పెద్ద మేనేజరు ఆవిడ మిషను దగ్గరికే వచ్చి, పూలగుత్తి చేతికిచ్చి, "మీ మనసు నొప్పించాం, క్షమించండమ్మా" అని ఫొటో దిగి వెళ్ళాడు.

ఆ పూలని గ్లాసులో పెడుతూ పిన్ని అడిగింది: "నా మనసు నొచ్చిందంటావా?"

"నీ మనసు సంగతి నన్నడుగుతావేంటి పిన్నీ!" అని కసిరాను. కసిరానే గానీ, నాకూ అంతుపట్టలేదు. వాళ్ళు అరిచిందీ తప్పు కాదు, ఈవిడ మురిసిందీ అబద్ధం కాదు.

వారం తిరిగేలోగా ఆ ప్యాంట్లు కుట్టడం ఆపేశారు. కుట్టినవాళ్ళనీ పని మాన్పించి ఇంటికి పంపేశారు. పిన్ని గుమ్మంలో కూలబడి, గ్లాసులో వాడిన పూలకేసి చూస్తూ అంది:

"ఇప్పుడు నొచ్చిందే. ఆయన్ని మళ్ళీ రమ్మను."