తల వంచి తాగిన నీళ్ళు

మా ఇంట్లో ఎవరమూ గ్లాసును పెదవికి తగలనిచ్చేవాళ్ళం కాదు. చెంబైనా గ్లాసైనా పైకెత్తి, తల వెనక్కి వాల్చి, ధారగా గొంతులో పోసుకోవడమే. ఎంగిలి కాకూడదు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం ఉండటంతో బడికి పంపలేదు. అక్షరాలు, ఎక్కాలు, స్తోత్రాలు అన్నీ అమ్మే వంటింట్లో కూర్చోబెట్టి నేర్పింది. చుక్క ఒలకకుండా నీళ్ళు ఎత్తి తాగడం కూడా ఆ చదువులో భాగమే. పెద్దయ్యాక ప్రైవేటుగా పదో తరగతి పాసయ్యాను. ముసలివాళ్ళకూ, కాలూ చెయ్యీ సరిగా ఆడనివాళ్ళకూ సాయంగా ఉండే పనిలో మూడు నెలలు శిక్షణ ఇస్తున్నారని తెలిసి, ముప్పై నాలుగేళ్ళ వయసులో నరసరావుపేటలో చేరాను.

పొద్దున పాఠాలు, మధ్యాహ్నం నుంచి అదే భవనంలో కింద ఉన్న సంరక్షణ కేంద్రంలో పని. పాఠం చెప్పే మేడం ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. పుస్తకం తెరవకముందే మమ్మల్ని రోగుల్ని చేసి పడుకోబెట్టారు. ఎనిమిది మందిమి ఒకరికొకరం పళ్ళు తోమాం, దుప్పటి పట్టుకుని పక్కకు తిప్పాం, కళ్ళకు గంతలు కట్టుకుని అన్నం తినిపించుకున్నాం. ముద్ద ఎప్పుడొస్తుందో తెలియక నోరు తెరుచుకుని కూర్చున్న మనిషికి ఎంత చిన్నతనంగా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. ఆ తరవాత చెప్పకుండా ఎవరి నోటికీ ముద్ద అందించలేదు.

రెండో నెలలో నాకు ఒక మామ్మను అప్పగించారు. కారంపూడి వైపు రైతు కుటుంబం. పక్షవాతంతో ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి, మూతి కొద్దిగా పక్కకు పోయింది. మిరపకోతల రోజులు కనక పగలు ఇంట్లో మనిషి ఉండరని, నెల్లాళ్ళు ఇక్కడ ఉంచి వ్యాయామం చేయించి తీసుకెళ్తామని కోడలు తెచ్చి దింపింది. ఆదివారం ఆదివారం వచ్చి అత్తకు తల దువ్వి వెళ్ళేది.

మామ్మకు పట్టింపు ఎక్కువ. ఎవరెవరో తాగిన గ్లాసు నోట పెట్టనని మొదటి రోజే చెప్పేసింది. స్పూనంటే మరీ కోపం. నోట్లోంచి తీసినదాన్ని మళ్ళీ నీళ్ళలో ముంచుతారు కదా అని. ఆ మాటలకు నాకు అమ్మ గుర్తొచ్చి, మామ్మ మీద ప్రేమ ఇంకా పెరిగింది.

పక్షవాతం వచ్చినవాళ్ళకు మింగడం పట్టుతప్పుతుందని, నిటారుగా కూర్చోబెట్టి గడ్డం రొమ్ము వైపు దించి కొంచెం కొంచెంగా తాగించాలని, తల వెనక్కి వాలితే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయని మేడం చెప్పారు. నా నోటుబుక్కులో నా చేత్తోనే రాసుకున్నాను. అయినా ఒక మధ్యాహ్నం మామ్మ దాహమని, అలవాటుకొద్దీ తల వెనక్కి వాల్చి నోరు తెరిచేసరికి, నేనూ అలవాటుకొద్దీ గ్లాసెత్తి ధార కట్టి పోశాను. ఆమె పట్టింపును కాపాడుతున్నాననే అనుకున్నాను. రాసుకున్న పాఠం గుర్తే రాలేదు.

పొలమారింది. ఆ తరవాత నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. ఇళ్ళల్లో ఎవరికన్నా పొలమారితే ఏం చేస్తామో అదే చేశాను. నడినెత్తిన తడుతూ, ఎవరో తలుచుకుంటున్నారు మామ్మా, మీ కోడలే అయ్యుంటుంది అన్నాను. మామ్మ దగ్గడం లేదు. ముఖం నల్లబడుతోంది. అప్పుడు గాని అరవలేదు. మేడం పరుగున వచ్చి ఆమెను ముందుకు వంచి, వీపు మీద రెక్కల మధ్య అరచేత్తో గట్టిగా చరిచారు. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో దగ్గు వచ్చింది. ఆ దగ్గు విని నేను స్వామీ అంటూ చేతులు జోడించాను.

మామ్మను సర్ది పడుకోబెట్టాక, ఏం జరిగిందని మేడం అడిగారు. ఎత్తి పోశానని చెప్పాను. నెత్తిన తట్టిన సంగతీ చెప్పాను. అదంతా రిజిస్టర్లో నా చేతే రాయించి, కింద సంతకం పెట్టించారు. ఇక ఇంటికి పొమ్మంటారని నిలబడి ఉంటే, "దాచకుండా చెప్పావు. రేపు కూడా రా," అన్నారు. అంతే. ఆ మాట లేకపోతే ఈ పనిలో నేను ఈనాడు ఉండేదాన్ని కాదు.

డాక్టరు వచ్చి చూశాడు. దేవుడి దయ, ఊపిరితిత్తులకు ఏమీ కాలేదు. కానీ మామ్మకు నీళ్ళంటేనే భయం పట్టుకుంది. ఏది తెచ్చినా పళ్ళు బిగబట్టేది. మర్నాడు కూడా అంతే. సెలైన్ ఎక్కించి, రేపు సాయంత్రానికి నోటితో తాగకపోతే ముక్కులోంచి గొట్టం వేయక తప్పదని డాక్టరు చెప్పి వెళ్ళాడు. మామ్మ వింది. బాగున్న కుడిచేత్తో నా కొంగు పట్టుకుంది.

"గొట్టమేస్తే ఇంక తియ్యరే. మా తోడికోడలికి ఏశారు, దాంతోనే పోయింది. నన్ను గొట్టంతో ఇంటికి పంపొద్దే."

ఆ గొట్టం నా తప్పు వల్ల రాబోతున్నది. కొంగు వదిలేదాకా పక్కనే కూర్చున్నాను.

మర్నాడు పొద్దున ఇంట్లో దీపం పెట్టి, ఉద్ధరిణితో తీర్థం అరచేతిలో పోసుకుని పుచ్చుకుంటుంటే, నా మెడ దానంతటదే వంగడం చూసుకున్నాను. రోజూ వంగుతూనే ఉంది, చూసుకున్నది ఆ రోజే. గడ్డం కిందికి దిగుతుంది. ఉద్ధరిణి చిన్న చెంచాయే అయినా నోటికి తగలదు. ఎవరి అరచెయ్యి వాళ్ళదే. ఒక గుక్కకు మించి పట్టదు. మామ్మకూ నీళ్ళు ఇలాగే ఇవ్వొచ్చనిపించింది. ఆ ఆలోచన నాదని నేను ఎప్పుడూ అనుకోలేదు, దేవుడిచ్చిందే.

ఉద్ధరిణిని కడిగి రుమాల్లో చుట్టుకుని బస్సెక్కాను. ఈసారి ముందు మేడాన్ని అడిగాను. ఆమె ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి, తీర్థం ఎప్పుడూ పుచ్చుకోలేదు. ఖాళీ మంచం మీద కూర్చుని అరచెయ్యి ఎలా గుంట చేయాలో నన్నడిగి, నేను పోసింది వంగి తాగారు. గొంతు మీద వేళ్ళు పెట్టుకుని మళ్ళీ తాగారు. గడ్డం సరిగ్గా దిగుతోందన్నారు. డాక్టరుకు ఫోన్ చేసి ఒప్పించి, గొంతులో మెల్లగా దిగేలా నీళ్ళలో చిక్కబరిచే పొడి కొంచెం కలిపారు. ఒక్క దగ్గు వచ్చినా ఆపేస్తామని నాకు చెప్పి, మంచానికి అవతలి వైపు నిలబడ్డారు.

మామ్మను నిటారుగా కూర్చోబెట్టి చేతులు కడిగాను. ఉద్ధరిణి చూసి తీర్థమా అంది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. నీళ్ళే మామ్మా, తీర్థంలాగా ఇస్తాను అన్నాను.

"మళ్ళీ నువ్వేనా? చంపిందాకా ఒదలవా ఏంది?"

"మేడం ఇక్కడే ఉన్నారు మామ్మా."

ఒకసారి మేడం వైపు చూసింది. తరవాత కుడిచెయ్యి చాపింది. వేళ్ళు వాటంతటవే గుంటగా ముడుచుకున్నాయి. నేను పోశాను. తల వంగింది. మింగింది. మేడమూ నేనూ ఆమె గొంతు వైపే చూస్తున్నాం. దగ్గు రాలేదు.

"ఇదేందే, గంజిలాగుంది."

"పంచామృతం అనుకోండి."

"మరి తీపేది?"

మేడం పక్కకు తిరిగి నవ్వారు. సాయంత్రానికి గ్లాసున్నర నీళ్ళు ఒక్కొక్క చెంచాగా లోపలికి వెళ్ళాయి. డాక్టరు వచ్చి పక్కన నిలబడి చూసి, గొట్టం అక్కర్లేదన్నాడు. తనను పొలమారించిన చేతికిందే మామ్మ మళ్ళీ తన చెయ్యి చాపింది. ఆమెకు నేను చెప్పుకోవలసిన కృతజ్ఞత ఏ పూజలోనూ తీరలేదు. ఇప్పుడు ఎవరికి నీళ్ళు ఇస్తున్నా ముందు వాళ్ళ గడ్డం వైపే చూస్తాను.

నాలుగో రోజు మామ్మ కాఫీ అడిగింది. అందులోనూ చిక్కబరిచే పొడి కలిపి, చల్లార్చి, ఉద్ధరిణితో పాటు తెచ్చాను. ఆమె నన్నూ, నా చేతిలోదాన్నీ ఎగాదిగా చూసింది.

"కాఫీ అరచేతిలో పోసుకుని తాగుతుంటే ఎవురన్నా చూస్తే నవ్వుతారే. గ్లాసియ్యి. నాకని ఒకటి ఇడిగా పెట్టు, దాన్ని ఇంకెవురికీ ఇయ్యమాక. తల వంచే తాగుతాలే."

కొత్త గ్లాసు మీద ఆమె పేరు రాసి అంటించాను. మామ్మ తల వంచి, గ్లాసు పెదవికి ఆనించి తాగింది.