నా చిగుళ్లు సరిచేసిన డాక్టరమ్మ

నంద్యాలలో మా దంతాల డాక్టరమ్మ పోయారు. పోయిన మంగళవారం పొద్దున ఆమె దగ్గర పనిచేసే నర్సు ఫోన్ చేసి చెప్పింది. "అక్కా, డాక్టరమ్మ లేరు. నమాజు చేసుకొని లేస్తానే పడిపోయినారంట. గుండె." సరేనన్నాను. ఫోన్ పెట్టేసి పొయ్యి మీది ఉప్మాకు నీళ్లు పోశాను. పోశానన్న సంగతి మరిచి మళ్లీ పోశాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

ఆమెను మొదట కలిసింది ఏడేళ్ల కిందట. అప్పుడు ఆళ్లగడ్డలో ఒక చిన్న ప్రైవేటు బడిలో రెండో తరగతికి చెప్పేదాన్ని. నవ్వితే నా పైవరస పళ్లు సగమే కనిపించేవి, మిగతాదంతా చిగురే. అందుకని నవ్వు వస్తే బోర్డు వైపు తిరిగేదాన్ని. ఒకరోజు ముందు బెంచీ పిల్ల అడిగింది, "టీచర్, మీకు పాలపండ్లు ఇంకా ఊడలేదా?" అని. ఎగతాళి కాదు. దానికి అప్పుడే రెండు పళ్లు ఊడాయి, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఆ శనివారమే మా నాయనను వెంటబెట్టుకొని నంద్యాల బస్సెక్కాను.

డాక్టరమ్మ చేతులు కడుక్కున్నాకే నోరు విప్పేవారు.

"ఎవరు చేపించుకోమన్నారు?"

"ఎవరూ అనలేదు మేడమ్. నాకే నవ్వాలంటే కష్టంగా ఉండాది."

"అయితే చూస్తా. వేరేవాళ్లు పంపితే వచ్చినోళ్లను నేను ఎనక్కి పంపిస్తా."

గీతలున్న సన్నటి కడ్డీతో ఒక్కో పన్ను దగ్గరా చిగురు అంచున కొలిచారు. "నీ పండ్లు పొట్టివి కాదు పాపా. మంచి పొడుగే ఉండాయి. చిగురు దిగి కప్పేసింది, అంతే." ఇరవై ఆరేళ్లు వచ్చినా నా నోట్లో ఉన్నవాటి గురించి నాకు తెలియని మాట అది.

మా నాయన రాతి విగ్రహాలు చెక్కే మనిషి. ఆయన అడిగాడు, "కోస్తే మళ్లీ పెరగదా తల్లీ?"

"ఉత్త చిగురు కోస్తే పెరుగుతాది. లోపల ఎముక అంచు కూడా రవ్వంత అరగదీయాల. ఎంత తీయాలో, యాడ ఆపాలో మీకు నేను చెప్పేదేముంది?" అన్నారామె, ఆయన గోళ్లలోని రాతిపొడి చూసి. మా నాయన చేతులు ఒళ్లో దాచుకున్నాడు.

ఆ రోజే చేస్తారనుకున్నాను. చేయలేదు. "నెల దినాలు సరిగ్గా తోముకొని రా. రక్తం కారే చిగురు మీద నేను కత్తి పెట్టను."

నెల తర్వాత చేశారు. కళ్లకు వెలుగు తగలకుండా మెత్తటి గుడ్డ కప్పి, చేయబోయే ప్రతి పనీ ముందే చెప్పారు. సూదిమందుకు పెదవి నాది కాకుండా పోయింది. లోపల ఎముకను అరగదీస్తున్న చప్పుడు మాత్రం వినబడింది. అయిపోయాక నా గడ్డం పట్టుకొని అన్నారు, "నొప్పి తెలీదని పెదవి కొరుక్కుంటావు. మొద్దుబారినప్పుడే జాగ్రత్తగా ఉండాల."

కుట్లు విప్పిన రోజు అద్దం నా చేతికిచ్చే ముందే చెప్పారు. "ఎడమపక్క పన్ను కాడ నేను కొంచెం తక్కువ తీసినా. నువ్వు చూసి అడగకముందే నేనే చెప్తాండా. మూడు నెల్లు ఆగి సరిచేస్తా." మూడు నెలల తర్వాత నేను వద్దన్నాను. నాకది కనిపించనే లేదు. "నీ ఇష్టం. నా కంటికి కనపడతానే ఉంటాది," అన్నారు. తర్వాత ఎప్పుడు వెళ్లినా ముందు ఆ పన్నే చూసేవారు.

ఆమె ముఖం పూర్తిగా చూసింది చాలా కాలానికి. ఒక మధ్యాహ్నం మాస్కు తీసి టీ తాగుతున్నారు. ముందు పళ్లు రెండూ ఒకదాని మీదికొకటి ఎక్కి వంకరగా ఉన్నాయి. నా చూపు కనిపెట్టి నవ్వారు, నోరంతా తెరిచి.

"మీరు సరిచేపించుకోలేదేం మేడమ్?"

"నాకు అడ్డం రాలేదు. నీకు వచ్చింది, చేసినా."

బడిలో ఎవరూ ఏమీ గమనించలేదని చెబితే, పని కుదిరిందని ఆమె సంతోషపడ్డారు. పిల్లల వైపు తిరిగి నవ్వుతున్నానని చెబితే తలూపి, టీ గ్లాసు కడుక్కోవడానికి లేచారు. అంతకంటే పెద్దగా ధన్యవాదాలు చెప్పనివ్వలేదు. మీలో ఆమె కుర్చీలో కూర్చున్నవాళ్లుంటే ఈ సంగతి మీకూ తెలిసే ఉంటుంది.

మంగళవారం నేను నంద్యాల చేరేసరికి ఆమెను తీసుకెళ్లిపోయారు. ఇంట్లో చాప మీద ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. ఆమె అక్క నీళ్లిచ్చి, "యా ఊరమ్మా?" అని అడిగింది. ఆళ్లగడ్డ అన్నాను. నీళ్లు తాగి, గ్లాసు కడిగిచ్చి లేచాను.

బస్టాండుకు పోతూ ఆస్పత్రి ముందు ఆగాను. షట్టరు దించి ఉంది. మెట్టు మీద ఒక పెద్దాయన చెంప పట్టుకొని కూర్చుని ఉన్నాడు.

"డాక్టరమ్మ ఎప్పుడొస్తాది పాపా? కోయిలకుంట్ల నుంచి వచ్చినా."

చెప్పాను. ఆయన షట్టరు వైపు తిరిగి చూశాడు.

"బస్టాండు కాడ ఇంకో పండ్ల డాక్టరు ఉన్నారప్పా. ఆటో పిలిచేదా?"

"పోతాలే. కొంచేపు ఈడ కూచుంటా."

నేనూ ఆ పక్కనే కూర్చున్నాను. ఆయన చెంప మీద చేయి తీయలేదు. షట్టరు ఎండకు కాగి, వీపుకు వేడి తగులుతోంది. ఇద్దరం లేవలేదు.