ఆఖరి చాప్టరు అక్క

ఆ అద్దె పుస్తకాల షాపుది ఒక వింత పద్ధతి. సస్పెన్స్ నవల ఏది కొన్నా ముందు దాని ఆఖరి చాప్టరు కోసేసి, విడిగా అట్ట వేసి, కౌంటరు సొరుగులో పెడతారు. మిగతా పుస్తకం మాత్రమే ఇంటికి ఇస్తారు. చదివినవాళ్ళు తిరిగొచ్చి, కౌంటరు ముందు నిలబడి, తప్పు ఎవరిదనుకుంటున్నారో నోరు తెరిచి చెప్పాలి. చెబితేనే సొరుగు తెరుచుకుంటుంది. ఆ చాప్టరు అక్కడి బెంచీ మీదే కూర్చుని చదువుకుని పోవాలి. ముందు పేజీలు ఎగరగొట్టి చివర చూసేవాళ్ళంటే ఒళ్ళు మండే ముసలాయన ఒకడు పెట్టిన రూలు అది. ఆయనా పోయాడు, ఆయన కొడుకూ పోయాడు. షాపు, సొరుగు, రూలు, షాపు వెనక ఒక గది కోడలికి మిగిలాయి. ఆవిడనే అందరూ ఆఖరి చాప్టరు అక్క అంటారు.

అక్కకి నోటి దురుసు. వచ్చేవాళ్ళకి అదే సరదా. ఆటో డ్రైవరు ఒకాయన పుస్తకం అట్ట చూసే చెప్పేస్తాడు.

"మొగుడే అక్కా. ఎప్పుడూ మొగుడే."

"మీ ఆవిడ కూడా ఇదే అంటోందా?" అంటుంది అక్క.

రిటైరైన హెడ్‌మాస్టరు గారికి మాత్రం భార్య పాత్రల మీద కోపం. "ఇంత జరుగుతున్నా ఆ పిల్ల ఇల్లు వదిలి పోదేమిటండీ? నూట యాభై పేజీలు నడవాలి కాబట్టి రచయిత కట్టిపడేశాడు. నాకు నమ్మకం కుదరలేదు."

"పోవాలంటే ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా మాస్టారూ."

"మంచి ప్రశ్నే," అని ఆయన ఆఖరి చాప్టరు పుచ్చుకుని బెంచీ ఎక్కేవాడు. ప్రశ్న మంచిదైతే జవాబు అక్కర్లేదని ఆయన ఉద్దేశం కాబోలు.

ఇంతమంది అభిప్రాయాలు విని నవ్వుకునే అక్కని ఒక్కరి అభిప్రాయం మాత్రం గుచ్చేది. ఆ ఒక్కరు ఆవిడ సొంత చెల్లెలు.

చెల్లెలి భర్తకి రెండు వీధుల అవతల మందుల షాపు ఉంది. నోట్లో వేలు పెట్టినా కొరకడని పేరు. అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచి మందు ఇస్తాడు, ముసలివాళ్ళని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తాడు. పెళ్ళాన్ని ఒక్క మాట అనగా ఎవరూ వినలేదు. చెల్లెలు మాత్రం ఏటికేడు చిక్కిపోతోంది. స్టవ్ కట్టేయడం మరిచిపోతున్నానంటుంది. కొళాయి వదిలేశానంటుంది. బీరువా తాళాలు బియ్యం డబ్బాలో దొరికాయంటుంది. చిన్నప్పుడు ఇంట్లో సూది పోయినా ఈ పిల్లనే అడిగేవారు. ఎవరి వస్తువు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పేది. అలాంటి పిల్లకి మతిమరుపు ఎలా వచ్చిందో అక్కకి అంతుపట్టలేదు. అనుమానం ఉంది, ఆధారం లేదు. చెల్లెల్ని ఆ ఇంట్లోంచి బయటికి లాక్కురావాలన్నది ఒక్కటే ఆవిడ మనసులో ఉండేది. వెనక గదిలో రెండో మంచం వేసి ఉంచింది కూడా.

చెల్లెలు ఏ నవల చదివినా కౌంటరు దగ్గర చెప్పేది ఒకటే.

"తప్పు భార్యదే అక్కా. మతిమరుపు మనిషి. పాపం ఆయన మాత్రం ఎంతకని ఓర్చుకుంటాడు?"

సొరుగులోని ఆఖరి చాప్టర్లు ఎన్నిసార్లు కాదన్నా సరే, మరో పుస్తకానికీ మళ్ళీ అదే మాట. బెంచీ మీదున్నవాళ్ళు నవ్వేవారు. అక్క నవ్వలేక, "నీకు ఇంకో మాట రాదుటే?" అని కసిరేది.

ఒకనాడు చెల్లెలు వంటింట్లో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. నేల మీద నూనె తుడిచానో లేదో గుర్తులేదని డాక్టరుకి తనే చెప్పింది. ఆ వారమే ఆమె దగ్గరున్న పుస్తకం తిరిగి ఇవ్వడానికి భర్త వచ్చాడు.

"వదినా, ఇక దీనికి పుస్తకాలు ఇవ్వకండి. ఇవి చదివే బుర్ర పాడుచేసుకుంటోంది," అన్నాడు మెత్తగా.

అక్క పుస్తకం అందుకుని, అలవాటు కొద్దీ అడిగేసింది. "తప్పు ఎవరిదంటారు మరిదిగారూ?"

"నేను చదవలేదు వదినా." అతను నవ్వాడు. "ఏముంటుంది, భార్యదే. మతిమరుపు మనిషి. పాపం ఆయన మాత్రం ఎంతకని ఓర్చుకుంటాడు?"

అక్క చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది. అక్షరం తేడా లేదు. ఇన్నేళ్ళూ ఈ కౌంటరు దగ్గర చెల్లెలి నోట విన్నది చెల్లెలి అభిప్రాయం కాదు. కౌంటరు దాటి అతని చొక్కా పట్టుకోవాలనిపించింది. కానీ పట్టుకుంటే చెల్లెల్ని మళ్ళీ గడప దాటనివ్వడు. అందుకని గొంతు పెంచి, బెంచీ మీదున్నవాళ్ళందరికీ వినబడేలా అంది.

"అదేంటి మరిదిగారూ, చెయ్యి విరిగి మూల కూర్చున్న మనిషికి పుస్తకం కూడా లేకపోతే ఎలా? మీరంత మంచివారు, మీరే కాదంటారా?"

నలుగురి ముందు అతను ఎప్పుడూ కాదనడు. అక్క లోపలికి వెళ్ళి ఏరికోరి ఒక నవల తెచ్చి ఇచ్చింది. అందులో భర్త రోజూ ఇంట్లో వస్తువులు అటూ ఇటూ మార్చి, నీకు మతి పోయిందని భార్యని నమ్మిస్తాడు.

పది పదిహేను రోజులకి మరిది స్కూటరు షాపు ముందు ఆగింది. అతను దిగలేదు. చెల్లెలు ఒక్కతే మెట్లెక్కి, కట్టు కట్టిన చేతి కింద పుస్తకం ఇరికించుకుని వచ్చింది. హెడ్‌మాస్టరు గారు జరిగి బెంచీ మీద చోటిచ్చారు. ఆమె కూర్చోలేదు.

"తప్పు ఎవరిదే?" అంది అక్క.

చెల్లెలు ఒకసారి వీధిలోకి చూసి, చాలా చిన్నగా అంది. "భర్తదే అక్కా. ఆమె స్టవ్ కట్టేసింది. ముందు చాప్టర్లో ఉంది, నేను వెనక్కి తిప్పి చూశాను. నిజంగానే కట్టేసింది." నవల కౌంటరు మీద పెట్టి, "పుస్తకమైతే వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. ఇంట్లో ఎలాగక్కా?" అంది.

"చూసుకోక్కర్లేదు. ఇక్కడే ఉండిపో. వెనక గదిలో నీకు మంచం ఉంది."

చెల్లెలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల ఊపింది కూడా. ఆ క్షణాన అక్క ప్రాణం లేచి వచ్చింది. సొరుగు తెరిచి ఆఖరి చాప్టరు తీసింది.

బయట హారన్ మోగింది. ఒక్కసారే, మర్యాదగా.

చెల్లెలు గిరుక్కున తిరిగి మెట్లు దిగింది. అక్క సొరుగు వేయకుండానే వెంట పరుగెత్తింది. అప్పటికే చెల్లెలు స్కూటరు వెనక ఎక్కి కూర్చుంది. అక్క ఆమె బాగున్న చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దిగు."

"ఏంటి వదినా, ఏమైంది?" అన్నాడు అతను, వీధంతా వినబడేలా, అయినా మెత్తగానే. "కూర్చోమనండి, నేను వద్దన్నానా? కాకపోతే వచ్చేటప్పుడు స్టవ్ కట్టిందో లేదో. ఏమే, కట్టావా?"

హెడ్‌మాస్టరు గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"కట్టావే. నువ్వు కట్టే ఉంటావు. నా మాట విని దిగు," అంది అక్క.

చెల్లెలు అక్క వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకుంది. మొహంలో కోపం లేదు, భయం కూడా లేదు, చిన్నప్పుడు పోయిన సూది ఎక్కడుందో ఆలోచించేటప్పటి మొహమే.

"చూసి వస్తానక్కా," అంది. "కట్టలేదేమో."