మంచు మట్టి కరిగిన దసరా

బొల్లారం దగ్గర ఒక ప్రయోగశాలలో అటెండరుగా చేశాను. యాభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి, తిప్పి తిప్పి రాయడం నాకు రాదు. అందుకే ముందే చెబుతున్నాను, జరిగినదానికి తప్పు నాదే.

మా దగ్గర పరిశోధన చేసే అమ్మాయి లడఖ్ కొండల నుంచి మట్టి తెచ్చింది. ఎండాకాలంలో కూడా గడ్డకట్టే ఉండే మట్టి. దాన్ని ఇత్తడి గొట్టంలో బిగించి, రేడియో తరంగాలు పంపి, ఎంత మింగుతుందో, ఎంత వదులుతుందో కొలిచేది. ఆ లెక్క ఉంటేనే పైన తిరిగే ఉపగ్రహం ఆ నేల గడ్డకట్టి ఉందో, కరుగుతోందో చెప్పగలదట. అప్పటికి సగం ముక్కలే కొలిచింది. మిగతావి ఫ్రీజర్‌లో ఉన్నాయి.

దసరాకు ముందు ఆయుధ పూజ. యంత్రాలన్నీ తుడిచి బొట్లు పెట్టడం ఏటా నా పనే. మోండా మార్కెట్‌లో బంతిపూలు కొనుక్కొచ్చాను. ఆమె ఊరికి బయల్దేరుతూ తలుపు దగ్గర ఆగింది.

"కాకా, ఫ్రీజర్ జోలికి పోకు."

"అది సుత మిషినే గదమ్మా. అలుగుతది."

"అలిగితే నేనొచ్చి బుజ్జగిస్త. దండ ఎయ్యి, స్విచ్చు మాత్రం ముట్టకు."

నవ్వి తలూపాను. ఆమె వెళ్లాక ఫ్రీజర్‌ను తడిగుడ్డతో తుడవబోతే షాక్ కొడుతుందేమోనని భయమేసింది. స్విచ్చు ఆపాను. తుడిచి, బొట్టు పెట్టి, దండ వేసి, గుమ్మడికాయ కొట్టాను. ప్రసాదం పంచే తొందరలో స్విచ్చు వేయడం మరిచి, తాళం పెట్టి ఇంటికెళ్లాను.

సెలవులయ్యాక తలుపు తీస్తే నేలంతా నీళ్లు. డబ్బాల్లో బురద. గబగబా స్విచ్చు వేశాను. మర్నాటికి మళ్లీ రాయిలా బిగుసుకుంది. చూసినవాళ్లెవరైనా పాత మట్టే అనుకుంటారు. నేనూ నోరు మూసుకున్నాను.

మూడో రోజు ఆమె వచ్చి గొట్టంలో ముక్క బిగిస్తుంటే ఇక ఆగలేకపోయాను.

"అమ్మా, అది కొలవకు. కరిగి మళ్ల గడ్డకట్టింది. స్విచ్చు నేనే బంద్ చేసిన."

ఆమె తిట్టలేదు. ముక్కను వెలుతురులో తిప్పి చూసింది.

"మంచు పొరలు పొరలుగ ఉండె కాకా. ఇప్పుడు నీళ్లన్నీ అడుగుకు దిగినయి. ఇది ఆ నేల కాదు."

"మళ్ల తెచ్చుకుందాం బిడ్డా."

"ఏడికెళ్లి తేవాలె? మేం తవ్విన కొండ వాలు ఈ ఎండాకాలంల జారిపోయింది. ఆ గుంతే లేదు."

పట్టికలో కొలవని ముక్కల గళ్లు ఖాళీగా వదిలేసి ఆమె నివేదిక పంపింది. మట్టిని నేనే బకెట్లో ఎత్తి వెనక గోడ దగ్గర పారబోశాను. ఇక్కడి ఎండకు అది కరగడానికి గంట కూడా పట్టలేదు.